ఆలుమగల మధ్య క్రయపత్రం

"నీ ఇల్లు నాకమ్ము. నా ఇల్లు నువ్వు కొనుక్కో," అన్నాడు పాండురంగం, జొన్నరొట్టె తుంచి పప్పులో అద్దుకుంటూ.

పెనం మీద ఇంకో రొట్టె కాలుతోంది. ఇంద్రమ్మ దాన్ని తిరగేసింది కానీ మొగుడి వైపు తిరగలేదు. పొద్దున రైలుకు ముందు ఆయన చెప్పే మాటల్లో సగం ఆ రైలెక్కి తాండూరు వెళ్లిపోతాయి, సాయంత్రం తిరిగి రావు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె కనిపెట్టిన సంగతి ఇది. ఊరుకుంటే సరిపోతుంది.

"విన్నవా లేదా?"

"విన్న. పప్పు ఇంకింత ఎయ్యాల్నా?"

"పప్పు గురించి కాదే. ఇండ్ల గురించి చెప్తున్న. నీది నాకు, నాది నీకు. లెక్కకు లెక్క సరి. చేతిలకెళ్లి పైసా కదలదు."

ఇంద్రమ్మకు ఒళ్లు మండింది. రొట్టెను పళ్లెంలో విసిరిన చప్పుడుకు, అద్దం ముందు జడ వేసుకుంటున్న కూతురు అరుణాదేవి కూడా ఇటు తిరిగింది.

ఈ ఇంటివాళ్ల ఇళ్ల సంగతి ముందు చెప్పుకోవాలి, లేకపోతే వీళ్ల గొడవ ఎవరికీ అర్థం కాదు. పాండురంగానికి తాండూరులో ఇల్లుంది. అన్నదమ్ముల పంపకంలో వచ్చింది, నేలంతా నున్నటి తాండూరు బండ. అందులో ఒక బండల వ్యాపారి కిరాయికి ఉంటాడు. ఇంద్రమ్మకు వికారాబాదులో, కొండకు పోయే దారిలో ఇల్లుంది. వరసగా నాలుగు గదులు, ముందు పొడుగాటి వసారా. అక్కడా కిరాయివాళ్లే. మరి సొంతిళ్లు రెండున్న ఈ మొగుడూ పెళ్లాలు ఎక్కడుంటారయ్యా అంటే, వికారాబాదు స్టేషను వెనక ఎవరిదో ఇంట్లో, నెలనెలా కిరాయి కట్టి. పాండురంగం తాండూరులో ఒక కందుల వ్యాపారి దుకాణంలో లెక్కలు రాస్తాడు. పొద్దున రైలెక్కి పోతాడు, దీపాలు పెట్టే వేళకు వస్తాడు. సొంతిల్లున్న ఊళ్లో ఉండకుండా ఇదేం బతుకని దుకాణంలో వాళ్లు నవ్వుతారు. ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వుతాడు తప్ప కారణం చెప్పడు. ఏ పనికైనా అసలు కారణం మింగేసి, పనికిరాని కారణం ఒకటి బయటపెట్టడం ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం.

"నాయినా, ఒక్క పొయ్యి మీద వండుకొని తినేటోళ్లు ఒకరికొకరు ఇండ్లు అమ్ముకునుడేంది?" అంది అరుణాదేవి. ఆమె ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరి ఏడాది కాలేదు. పిల్లలకు లెక్కలు చెప్పీ చెప్పీ, ఇంట్లో కూడా ప్రతి మాటనూ సరిచూడటం అలవాటైంది.

"నీకు తెల్వదు బిడ్డా. రైల్ల ఒకాయన చెప్పిండు. మొగుడు పెండ్లాం నడుమ అమ్మకానికి స్టాంపు ఉండదంట. ఒక్క కుటుంబమే గదా, సర్కారుకేం పని అందుల?"

"ఆయన వకీలా?"

"ఉల్లిగడ్డల వ్యాపారి. కానీ మస్తు లోకం చూసినోడు."

"అసలు ఎందుకమ్మాలె?" అంది ఇంద్రమ్మ. "అది చెప్పు ముందు."

పాండురంగం గొంతు సవరించుకున్నాడు. బండల కంపెనీ ఒకటి వికారాబాదులో ఆఫీసు పెట్టబోతోందట. నాలుగు గదులూ ఒక్కసారే తీసుకుంటారట. ఇప్పుడొచ్చే కిరాయికి రెండింతలిస్తారట.

"నీ పేరు మీదుంటే నువ్వు ఒప్పుకోవు. నా పేరు మీదుంటే నేను మాట్లాడుకుంట. తాండూరు కిరాయి నెల తప్పకుంట నీకొస్తది. నీకు ఫికరే ఉండదు."

"మరి ఇప్పుడున్నోళ్లు?"

"ఇంకెక్కడన్న చూసుకుంటరు."

"ఎవరిస్తరు వాళ్లకు? నీకిచ్చిండ్రా ఆ దినం?"

పాండురంగం కండువా భుజాన వేసుకొని స్టేషనుకు నడిచాడు.

ఆ దినం అంటే పోలీసు చర్య అయిన మరుసటి ఏడాది. అప్పుడు వీళ్లు తాండూరులోనే ఉండేవాళ్లు. ఇంద్రమ్మకు క్షయ పట్టింది. వికారాబాదు కొండ మీది దవాఖానలో చేర్చారు. పాండురంగం చిన్నపిల్ల అరుణను కుల్కచర్లలో అత్తగారింట్లో దించి, పెళ్లానికి దగ్గరగా ఉండటానికి ఊళ్లో గది కోసం వీధివీధీ తిరిగాడు. ఎవరి కోసమని అడిగేవాళ్లు, చెప్పగానే తలుపు మూసేవాళ్లు. చలికాలమంతా స్టేషనులో పడుకున్నాడు. ఇంద్రమ్మ బతికి కొండ దిగిన రోజున డాక్టరు ఒకటే చెప్పాడు, బండల దుమ్మున్న ఊళ్లో ఉండొద్దు, ఈ గాలి వదలొద్దు అని. కూతురు ప్రాణాలతో దక్కిందన్న సంతోషంలో ఆమె తండ్రి కొంత పొలం అమ్మి ఆ నాలుగు గదుల ఇల్లు ఆమె పేరున కొనిపెట్టాడు. అందులో నేనుండను, కొండ మీద ఉన్నవాళ్ల మనుషులకే కిరాయికిస్తాను అని ఇంద్రమ్మ పట్టుబట్టింది. అప్పటి నుంచి ఆ గదులు ఖాళీగా ఉన్నది లేదు. కొందరు కిరాయి ఇస్తారు, కొందరు ఇవ్వలేరు, ఒకామె వెళ్లేటప్పుడు కోడిపెట్టను ఇచ్చిపోయింది.

ఇప్పుడు మొదటి గదిలో రాహేలమ్మ ఉంటోంది. నవాబుపేట దగ్గరి పల్లె ఆమెది. మొగుడు యోబు కొండ మీద ఉన్నాడు, పక్కటెముకలు కోసి చేసే పెద్ద ఆపరేషను జరగాలి. రాహేలమ్మ రెండు పూటలా వండి గిన్నె నెత్తిన పెట్టుకొని కొండెక్కుతుంది. గది పోతే ఆమె ఊరికి పోవాల్సిందే. యోబు ఒక్కడే కత్తి కింద పడుకోవాలి.

రైలుతో పోవాల్సిన మాట ఈసారి పోలేదు. రోజూ రొట్టెతో పాటు అదే పాట. పడుకోబోయేటప్పుడు అదే, లేచేటప్పుడు అదే. ఇంద్రమ్మ అరిచింది, అలిగింది, ఒక పూట వంట మానేసింది. ఆయన అటుకులు తిని రైలెక్కాడు. చివరికి ఒక పొద్దున ఆమె విసిగిపోయి అంది.

"సరే. ముందు నీ ఇల్లు నా పేరున రాయి. కచేరికి పోయి, సర్కారు అడిగిన స్టాంపు కట్టి, సంతకం పెట్టు. గప్పుడు నాది నీకు రాస్త. మాట అంటే మాట."

ఆ ముక్కతో గొడవ తీరిపోయిందనే అనుకుంది. చెప్పు తెగితే మూడోసారి కూడా కుట్టించుకునే మనిషి, తన ఇంటిని తన పెళ్లానికి అమ్మడానికి స్టాంపు కడతాడా?

కట్టాడు.

తాండూరు రిజిస్ట్రేషను కచేరి వసారాలో దస్తావేజులు రాసే నర్సింహులు సంగతంతా విని కలం కింద పెట్టాడు.

"పాండురంగం సాబ్, స్టాంపుకు మీ పెండ్లితోటి పని లేదు. అమ్మితే అమ్మినట్టే. కొన్నది పెండ్లామైతేంది, పరాయోడైతేంది, ఇంటి ధర మీద కట్టాల్సిందే."

"మరి ఆమెది నాకు అమ్మినప్పుడు?"

"దానికి మళ్ల కట్టాలె."

"రెండుసార్లా?"

"రెండు అమ్మకాలు గదా. గట్ల కాకుంటే మార్పిడి దస్తావేజు రాసుకోండ్రి. నీది ఆమెకు, ఆమెది నీకు, ఒక్క కాగితం మీదనే. ఏ ఇంటి ధర ఎక్కువుంటే దాని మీద ఒక్కసారి స్టాంపు కడితే అయిపోతది."

బుద్ధి ఉన్నవాడెవడైనా అక్కడే సరే అంటాడు. పాండురంగం అనలేదు. ముందు నాది రాయమంది, ముందు నాదే రాస్తాను అని కూర్చున్నాడు. రెండూ ఒకే కాగితం మీద పెడితే సంతకం దగ్గర ఇంద్రమ్మ చెయ్యి ఆగిపోతుందని ఆయన భయం. తనది ముందుగా ఇచ్చేస్తే ఆమె ఇక వెనక్కి పోలేదు. మొండితనం మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో చూడండి. ఒక్కసారి కట్టాల్సిన పన్నును రెండుసార్లు కడతానని తనే ముందుకొచ్చాడు. ఆ మొదటి స్టాంపుకే తాండూరు ఇంటి కిరాయి కొన్ని నెలలది పోయింది.

"నీ ఇష్టం," అని నర్సింహులు మళ్లీ కలం అందుకున్నాడు. బేరంలో ఎదుటివాడికి నష్టం చెయ్యాలని చూసేవాళ్లను ఆయన చాలామందిని చూశాడు. తనకు తాను నష్టం చేసుకోవడానికి ఇంత పట్టు పట్టేవాణ్ణి చూడటం ఆయనకదే మొదలు.

"రేపు తాండూరు పోవాలె. తయారుండు," అని పాండురంగం చెప్పినప్పుడు ఇంద్రమ్మ నమ్మలేదు. రైలెక్కాక కూడా నమ్మలేదు. తాండూరు స్టేషను బయట టాంగా ఎక్కాక ఆయన టాంగావాడితో, బజారు దారి వద్దు, ఊరి వెనక నుంచి తిప్పి తీసుకుపొమ్మన్నాడు.

"అట్ల పోతే మస్తు చుట్టైతది సాబ్."

"కానియ్యి."

"సీదా దారుండంగ గిట్లెందుకు?" అంది ఇంద్రమ్మ.

"నువ్వు కూసో."

ఈ మనిషి చివరికి దారిని కూడా తిన్నగా పోనివ్వడని ఇంద్రమ్మ పళ్లు కొరుక్కుంది. బజారు దారిలో బండలు నున్నగా చేసే మిషన్లు వరసగా ఉంటాయనీ, తెల్లటి దుమ్ము అక్కడ మంచులాగా పట్టి ఉంటుందనీ ఆమెకు ఆ కోపంలో తట్టలేదు.

కచేరిలో రిజిస్ట్రారు కాగితం చదివి తలెత్తాడు.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే సార్."

"ఇష్టపూర్తిగ అమ్ముతున్నవా?"

"అమ్ముతున్న సార్."

"రొక్కం మొత్తం ముట్టిందా?"

"ముట్టింది సార్," అన్నాడు పాండురంగం, రెప్ప వేయకుండా.

పక్కన నిలబడ్డ ఇంద్రమ్మ గబుక్కున ఆయన మొఖం చూసింది. ఒక్క పైసా తాను ఇచ్చింది లేదు. రిజిస్ట్రారు నవ్వుతూ, "మొగుని ఇల్లు మొగుని దగ్గర్నే కొంటున్నవా అమ్మా," అన్నాడు. వెనక వరసలో నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

తిరుగు రైల్లో ఇంద్రమ్మ ఊరుకోలేక అడిగింది.

"అంత మందిల అబద్ధమెందుకు ఆడినవ్?"

"ఏం అబద్ధం?"

"పైసలు ముట్టినయన్నవ్ గదా."

"ఇంట్ల సంగతి వానికెందుకు? వికారాబాదుల నిన్నడిగితే నువ్వు గూడ గట్లనే చెప్పు."

ఇంద్రమ్మ మొఖం కిటికీ వైపు తిప్పుకుంది. తనే పెట్టిన షరతు తన మెడకే చుట్టుకుంది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఇక తాను నిలబెట్టుకోకపోతే, మొగుడి ఇల్లు రాయించుకొని కూర్చున్న ఆడది అవుతుంది.

మర్నాడు రాహేలమ్మకు చెప్పడానికి కొండదారి ఇంటికి వెళ్లింది. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో కూడబలుక్కుంది. ఆ అవసరం లేకపోయింది. రాహేలమ్మ అప్పటికే బట్టలు మూటగట్టి, వంటగిన్నెలు ఒకదాంట్లో ఒకటి సర్దుతోంది.

"నువ్వేం చెప్పకమ్మా. నాకు సమజైంది. అయ్య మొన్న వచ్చి అన్ని గదులల్లకు తొంగి సూసిపోయిండు."

"ఆపరేషను ఎప్పుడన్నరు?"

"రక్తం దొరికినంక అంటున్నరు. అప్పటిదాంక వసారల పండుకుంటనమ్మా. గదొద్దు నాకు. వసార సాలు."

రాహేలమ్మ గిన్నె మూత చేతిలో తిప్పుతూ, తల దించుకునే అడిగింది.

"అయ్యకు మా కులం పడదా అమ్మా? గందుకేనా?"

"కాదే. ఆయనకు పైసల పిచ్చి పట్టింది," అంది ఇంద్రమ్మ.

ఆ మాట నిజమనుకునే అంది. అన్నాక ఎంత సిగ్గేసిందంటే, ఇంకో క్షణం అక్కడ నిలబడలేకపోయింది. ఆ మనిషి కోసమా తాను ఇన్నేళ్లు పొద్దున్నే లేచి రొట్టెలు కాల్చింది అనిపించింది.

ఇంట్లో అరుణాదేవి ఇంకో పక్క నుంచి పట్టుకుంది.

"మాట ఇచ్చిన్నని ఒకామెను రోడ్డు మీద పడేస్తవా అమ్మా?"

"మరి ఆయన ఇల్లు రాసిచ్చిండు గదనే. నన్నేం చెయ్యమంటవ్?"

"ఆయనది ఆయనకు మళ్ల రాసియ్యి."

"దానికి మళ్ల స్టాంపు."

అరుణాదేవి తల పట్టుకుంది. "మీ ఇద్దరి కాపురం మీదనే సర్కారు బతికేటట్టుంది," అంది.

వికారాబాదు కచేరికి ముగ్గురూ వెళ్లారు. సాక్షి సంతకం కోసం అరుణాదేవి బడికి సెలవు పెట్టింది. సాక్షిగా కాదు, ఈ పిచ్చిపని చివరికి ఎక్కడ తేలుతుందో చూడటానికి వస్తున్నానని తండ్రికి మొఖం మీదే చెప్పింది. పాండురంగం రెండో స్టాంపు కాగితాన్ని కండువాలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఇంద్రమ్మ ఇచ్చిన మాట ప్రకారం సంతకం పెట్టాలనే నిశ్చయించుకొని బయలుదేరింది. సంతకం ఆఫీసరు ముందే పెడతానని మాత్రం అంది.

ఇక్కడి రిజిస్ట్రారు ఓపిక లేని మనిషి. బయట జనం చాలామంది ఉన్నారు. కాగితం తిప్పి చూసి, కలం ఆమె ముందుకు తోస్తూనే అడిగాడు.

"ఈ ఇల్లు నీదేనా అమ్మా?"

"నాదే."

"రొక్కం ముట్టిందా?"

ముట్టింది అంటే అయిపోతుంది. ఒక్క మాట. పాండురంగం పక్క నుంచి తల ఊపుతున్నాడు, అను అన్నట్టు. ఇంద్రమ్మ నోరు తెరిచింది. ఏనాడూ డబ్బు సంగతిలో అబద్ధమాడి ఎరగదు, కిరాయి ఇవ్వనివాళ్లు కూడా ఇచ్చారని ఎవరి దగ్గరా చెప్పుకోలేదు. వసారా చాలన్న రాహేలమ్మ మొఖం కళ్ల ముందుకొచ్చింది.

"ముట్టలే," అంది.

రిజిస్ట్రారు చూపు పాండురంగం మీదికి పోయింది. "ఏమయ్యా, ఇయ్యలేదా?"

"ఇంట్లోళ్లమే సార్, అది..."

"ఆగు నువ్వు. అమ్మా, ఇష్టపూర్తిగనేనా అమ్ముతున్నది?"

"ఇష్టం లేదు సార్. మాట ఇచ్చిన, గందుకొచ్చిన."

రిజిస్ట్రారు కాగితం మడిచి పాండురంగం చేతిలో పెట్టాడు. "ఇది కచేరి. మీ ఇంటి పంచాయితీ బయట తెంపుకొని రాండ్రి. తర్వాతోళ్లను పిలువు," అని బంట్రోతుకు చెప్పాడు.

కచేరి గోడ పక్కన, సైకిళ్లు నిలబెట్టే చోట, పాండురంగం పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు.

"ఇజ్జత్ తీసినవ్. నా ఇల్లు నేను రాసిచ్చిన. నువ్వు మాట తప్పినవ్."

"తప్పిన. పది మంది ముందట ఒప్పుకుంట. కానీ ముట్టంది ముట్టిందని చెప్పుడు నీలెక్క నాకు రాదు. కిరాయి పైసల మీద అంత ఆశున్నోనివి..."

"కిరాయి ఎవనికి గావాలె?"

అంత గట్టిగా ఆయన అరవడం తల్లీకూతుళ్లిద్దరూ విని ఎరగరు. సైకిలు తాళం తీస్తున్న ఒకాయన తాళం పట్టుకొని అలాగే నిలబడిపోయాడు.

"కంపెనీ లేదు, ఆఫీసు లేదు," అన్నాడు పాండురంగం. గొంతు తగ్గింది. "అంత నేనే కల్పించి చెప్పిన."

"మరెందుకు?" అంది ఇంద్రమ్మ.

"యోబు పోయిన నెల ఒక ఆదివారం ఒక పూటకు కొండ దిగొచ్చిండు గదా. వసారల కూసొని దగ్గుతుండు. నిన్ను తోలుకపోనీకి వచ్చి చూసిన నేను. వాడు తాగిన గిలాస నువ్వు కడిగినవ్. కడిగి, దాంట్లనే నీళ్లు ముంచుకొని తాగినవ్."

ఇంద్రమ్మకు ఆ సంగతి గుర్తు కూడా లేదు.

"నా పానం పోయినంత పనైంది. అక్కడ ఎవరో ఒకరు దగ్గుతనే ఉంటరు, నువ్వు పోయి వాళ్ల పక్కన కూసుంటనే ఉంటవ్. ఏడాదికోసారి రొమ్ము ఫొటోకు రమ్మన్నడు డాక్టరు. రెండేండ్లు పోయి బంద్ చేసినవ్. పోదాం రా అని అడగనీకి నాకు నోరు రాదు. అడిగితే వస్తవ్. వస్తే వాళ్లు ఏం చెప్తరో. నాతోని కాదే ఇంద్రా. ఇంకోసారి ఆ స్టేషన్ల పండుకొని, తెల్లారితే నువ్వున్నవో లేవో అనుకుంట కొండెక్కుడు నాతోని కాదు. ఆ గదులు ఖాళీ అయితే నువ్వు అటు పోవు గదా అనుకున్న. అంతే."

ఇంద్రమ్మ ఆయన వైపు ఒక అడుగు వేసింది.

"అబద్ధమాడినవ్ అన్నవ్. తాండూరుల నేను అబద్ధమాడలే. ముట్టిందా అని అడిగిండు, ముట్టింది అన్న. నువ్వు బతికి కొండ దిగొచ్చినవ్. ఒక ఇంటికి అంతకన్న ఎక్కువ ఎవడిస్తడు?"

ఆయన కండువాతో మొఖం కప్పుకొని గోడ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. ఇంద్రమ్మకు ఊరి వెనక దారి, టాంగావాడి విసుగు, రోజూ పొద్దున్నే ఆయన ఎక్కే రైలు అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. పన్నెండేళ్లుగా ఈ మనిషి తన ఊపిరి కోసమే బతుకుతున్నాడు. ఆ సంగతి తనకు ఒక్కనాడు కూడా చెప్పలేదు. ఈయన్నేనా పైసల పిచ్చోడని రాహేలమ్మ దగ్గర అన్నది? దుఃఖం పొంగుకొచ్చింది, దానితో పాటు కోపం కూడా వచ్చింది.

"ఫొటో ఎందుకు బంద్ చేసిన్నో ఎర్కనా నీకు?" అంది కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "డాక్టరు ఆ ఫొటోను వెలుగుకు పట్టి చూస్తుంటే నేను దాన్ని చూడలే. నీ మొఖం చూసిన. అట్ల నీ మొఖం చూడనీకి చాతగాక బంద్ చేసిన."

అరుణాదేవి అప్పటికే ఏడుస్తోంది. ఏడుస్తూనే, "ఒక్క మాట అడగనీకి రెండిండ్లకు స్టాంపు కొన్నవా నాయినా," అంది.

సైకిలాయన ఇప్పటికి తాళం తీసుకొని, వీళ్లను చూడనట్టు తల వంచుకొని వెళ్లిపోయాడు.

కచేరి నుంచి ముగ్గురూ ఇంటికి పోలేదు. నేరుగా కొండదారి ఇంటికి వెళ్లారు. రాహేలమ్మ పాండురంగాన్ని చూసి గబగబా లేచి మూట చంకనెత్తుకుంది. ఆయన ఆ మూటను ఆమె చేతుల్లోంచి తీసుకొని గదిలో దండెం కింద పెట్టి వచ్చాడు.

"గది నీదే బిడ్డా. యోబు బాగైనదాంక ఎవరూ కదిలియ్యరు. ఆపరేషను దినం నేను గూడ వస్త. నా రక్తం పనికొస్తదేమో అడుగుదాం."

రాహేలమ్మ నమ్మలేనట్టు ఇంద్రమ్మ వైపు చూసింది. ఇంద్రమ్మ తల ఊపింది.

"నిన్న నీకొక మాట చెప్పిన. తప్పు చెప్పిన. ఆయన గసుంటోడు కాదు," అంది.

"ఒక్కటి మాత్రం," అన్నాడు పాండురంగం, తన మామూలు గొంతులోకి వస్తూ. "ఎవరి గిలాస వాళ్లదే. తాగినంక మరగబెట్టాలె. ఈమె కడుగుతనన్నా ఇయ్యొద్దు."

తెల్లవారి ఇద్దరూ కొండెక్కారు. ఎక్స్-రే గదిలోకి ఇంద్రమ్మను పిలిచినప్పుడు పాండురంగం బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఫొటో తయారయ్యేదాకా అవతలి వార్డులో ఎవరో దగ్గుతుంటే ఆయన ప్రతిసారీ అటు తిరిగి చూశాడు. డాక్టరు పిలిస్తే లోపలికి వెళ్లారు. డాక్టరు ఫొటోను కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. ఇంద్రమ్మ ఈసారి మొగుడి మొఖం నుంచి చూపు తిప్పుకోలేదు. ఆ మొఖంలో నెత్తురు చుక్క లేదు. పెదవులు ఏదో అంటున్నాయి, చప్పుడు లేకుండా.

"పాత మచ్చ ఎక్కడిదక్కడే ఉంది," అన్నాడు డాక్టరు. "కొత్తగా ఏమీ లేదు. బాగున్నారు."

పాండురంగం చేతులు జోడించి బయటికి వచ్చాడు. రెండు మెట్లు దిగి, మూడో మెట్టు మీద కూలబడ్డాడు. వచ్చేపోయే జనం చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా చిన్నపిల్లాడిలాగా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆనాడు పిల్లను కుల్కచర్లలో దించి వచ్చినప్పుడు ఆపుకున్న ఏడుపు, స్టేషనులో ఆపుకున్న ఏడుపు అంతా ఇప్పుడు వచ్చింది.

ఇంద్రమ్మ ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది. నలుగురిలో మొగుణ్ణి ఆనుకొని కూర్చోవడం ఆమెకు అదే మొదటిసారి.

"జబ్బు నాకొక్కదానికే వచ్చిందనుకున్న ఇన్నేండ్లు," అంది. "నాకు తగ్గింది. నీకు తగ్గలే. ఆ సంగతి నేను చూసుకోలే."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె కొంగుతో ఆయన మొఖం తుడిచింది.

"ఏడాదికోసారి వస్త. నువ్వు అడిగినా వస్త, అడగకున్నా వస్త. కానీ భయమైతే నాకు చెప్పు. భయమైతున్నది ఇంద్రా అని ఒక్క మాట చెప్పు. ఇల్లు అమ్ము, కొను అని కచేరీలకు తిరగకు."

"చెప్త," అన్నాడు పాండురంగం. తల ఎత్తకుండానే మళ్లీ అన్నాడు, "ఇప్పుడు గూడ భయమైతుంది."

"నాకు గూడ," అంది ఇంద్రమ్మ. ఆయన చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. ఆ రోజు పొద్దుటి రైలు ఆయన లేకుండానే తాండూరు వెళ్లిపోయింది.